గాదెలోని ధాన్యము

(ఒక పట్టణ పఠనమందిరమున జరిగిన ఉపన్యాసము)



పఠనమందిరమునకు పిలువబడిన వక్తలు సాధారణముగా సాహిత్యమును గూర్చియో, రాజ్యాంగమును గూర్చియో ప్రసంగింతురు. నేను నేడు గాదెను గూర్చి మాటలాడ దలచితిని. ఇది పట్టణవాసులకు తగిన విషయము కాదని మీలో కొందరు తలపవచ్చును. కాని ఈ సభలో పల్లెటూర తన పొలముగాని, పొలముగల బంధువుగాని లేనివారు కొలదిమంది. ఆ కొలదిమందికిని వంటయింట బియ్యపు డబ్బా యున్నది. అందుచేత గాదె మనకెవ్వరికిని దూరపు వస్తువు కాదు.

మనదేశమున పంటను గూర్చి మాటలాడువారు విత్తుతో మొదలిడి కోతతో ముగింతురు. ఎకరమునకు ఎన్ని బస్తాలు పండినవని అడుగుదురు గాని, ఆ బస్తాలలో ఎన్ని శ్రావణమాసము నాటికి తినదగిన గింజలుగా మిగిలినవని అడుగరు. లూధియానాలోని కోత అనంతర పరిశోధన సంస్థవారు 2015లో ప్రకటించిన లెక్క ప్రకారము, కోత మొదలు నిలువ వరకు మన ధాన్యములలో 4.65 నుండి 5.99 శాతము వరకు నష్టమగుచున్నది. అనగా ఇంచుమించు ఇరువది బస్తాలకు ఒక బస్తా. ఎరువు వేసి, నీరు పెట్టి, కూలి చెల్లించి పండించిన పిమ్మట పోవు బస్తా అది.

నా మనవి ఒక్కటియే. కోతతో వ్యవసాయము ముగియదు. ధాన్యమును గాదెలో పోసిన నాడు రెండవ వ్యవసాయము మొదలగును. దానికి నాగలి అక్కరలేదు. నీరు అసలే అక్కరలేదు. దానికి కావలసినది పక్షమునకు ఒకసారి మూత తీసి లోనికి చూచు మనిషి. అట్టి మనిషి యున్న యింట రైతు తన పంటకు తానే యజమాని. లేని యింట యజమానులు పలువురు: పురుగు, బూజు, ఎలుక, వారి వెనుక అయినకాడికి కొనిపోవు వర్తకుడు.

గింజ రాతివంటిదని మన భ్రమ. అది ప్రాణముగల వస్తువు. దానిలో రేపటి మొక్క నిద్రించుచున్నది. నిద్రించువాడు ఊపిరి విడుచునట్లే గింజయు ప్రాణవాయువును గైకొని, బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని, వేడిని వెలికి విడుచుచుండును. పొడిగా నున్నంతకాలము ఈ శ్వాస మిక్కిలి మెల్లగా సాగును. తేమ హెచ్చినకొలది శ్వాస హెచ్చును. శ్వాస హెచ్చినకొలది వేడియు తేమయు మరల హెచ్చును. ఆ వేడిమిలో బూజును పురుగును వృద్ధిపొంది, తమ శ్వాసతో దానినింకను పెంచును. ఇట్లు ఒకదానికొకటి తోడై నడిగాదెలో ఒక మూరెడు మేర కుంపటివలె రాజుకొనును. పైకి చూచిన ఏమియు కానరాదు. చేయి లోనికి జొనిపినవానికే తెలియును.

మన పెద్దలకు ఈ విషయము పుస్తకముల మూలమున తెలియకున్నను, ఆచారరూపమున తెలిసియుండెను. డెల్టా పల్లెలలో వరి కోసిన పిమ్మట పనలను చేనిమీదనే కొన్ని దినములు ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరికవేళ నూర్చెడివారు. కోతకు నూర్పునకు నడుమ వారములు, ఒక్కొక్కప్పుడు నెలయు గడచెడిది. ఆ యెడమే గింజను ఆరబెట్టెడిది. తరువాత ధాన్యము పెరటిలోని గాదెకో, ఎండుగడ్డి మోకును చుట్టలుగా చుట్టి కట్టిన పురికో చేరెడిది. రాయలసీమలో, తెలంగాణములో జొన్నను పాతరలో పోసి మట్టితో కప్పెడివారు. తెలంగాణపు ఇండ్లలో వెదురుతో అల్లి, పేడమట్టితో అలికిన గుమ్ములుండెడివి.

నేడు కోతయంత్రము చేనిలో దిగినచో గంటసేపటిలో ఎకరపు పంట గింజలై బయటపడుచున్నది. కూలిభారమును తగ్గించిన యంత్రమును నిందింప పనిలేదు. కాని అది కోతనూర్పుల నడిమి యెడమును మింగివైచినది. గింజ 20 శాతమునకు పైబడిన తేమతోనే తరచుగా రాశి పడుచున్నది. ఆరబెట్టుటకు కళ్లము చాలదు. పలుచోట్ల కళ్లమే లేదు. కాబట్టి ధాన్యము రాజబాట కెక్కినది. పెరటిగాదె కూలిపోయినది, దానితోబాటు గాదెను కనిపెట్టి చూచు అలవాటును పోయినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్ల దగ్గర తీరము దాటిన నాడు, కోసిన పంటలో ఎంతయో పనలమీదను, బాటలపై బరకముల క్రిందను తడిసినది. తుపాను ఆపుట మన చేతిలో లేదు. అట్లు తడిసిన రాశి మొలకెత్తకుండుటకు క్వింటాలు ధాన్యమునకు 1 కిలో ఉప్పును, 20 కిలోల పొడి ఊకనో ఎండుగడ్డినో కలిపియుంచి, ఎండ కాచిన తోడనే తూర్పారబట్టి ఆరబెట్టవలెనని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈపాటి విషయమైనను ఆ దినములలో ఎన్ని యిండ్లకు తెలిసియుండెనో ఆలోచింపుడు.

ఇక గింజ ఎంత ఆరిన చాలును? వడ్లను కొలది నెలలుంచుటకు తేమ 14 శాతమునకు మించరాదు. ఏడాదికి దగ్గరగా నుంచుటకు 12, 13 శాతము నకు మించరాదు. విత్తనమైనచో ఇంకను పొడిగా నుండవలెను. తేమ 5 మొదలు 14 శాతము వరకు గల మేరలో, ఒక్క శాతము తగ్గినకొలది విత్తనపు ఆయుస్సు ఇంచుమించు రెట్టింపగునని హారింగ్టను అను శాస్త్రజ్ఞుడు చూపిన సూత్రము ప్రసిద్ధమైనది.

తేమను కొలుచు యంత్రము కొనుగోలు కేంద్రమున నుండును, రైతునింట నుండదు. తన ధాన్యములో నీరెంతయున్నదో అతడు మొదట వినుట అమ్మకపు దినమున, ఎదుటివాని నోట! బేరమున కింతకంటె లోకువ యేమున్నది? కాని యంత్రము లేనివానికి ఉప్పు కలదు. బాగుగా ఎండిన గాజుసీసాలో కొన్ని వడ్లును, కొంచెము పొడియుప్పును వేసి, మూతబిగించి, కొన్ని నిమిషములు కుదిపి నిలిపియుంచుడు. ఉప్పు సీసాగోడలకు అంటుకొన్నచో తేమ 15 శాతమునకు పైగా నున్నదని తెలియవలెను. అంటక రాలినచో ఆ మేరకు లోబడినది. పంటిక్రింద గింజ టక్కున విరిగిన ఆరినదనియు, మెత్తగా నలిగిన ఆరలేదనియు మన ముసలివారెరిగిన పరీక్ష సరియైనదే. ఆరబెట్టుటలోను మితము కావలెను. కాగిన తారుబాటపై తొందరగా ఎండిన గింజ లోపల బీటలువారి, మరలో నూకయగును. పలుచగా పరచి, తరచుగా త్రిప్పుచు, చల్లారిన పిమ్మటనే గాదెలో పోయవలెను.

ఇక పురుగుల సంగతి. ముక్కుపురుగు తన ముక్కుతో గింజకు రంధ్రము చేసి, అందు గ్రుడ్డు పెట్టి, జిగురుతో మూసివేయును. పిల్ల గింజలోపలనే పెరిగి, లోని పిండిని తిని, ఇంచుమించు నెలదినములకు పురుగై తొలిచికొని వెలికివచ్చును. కాబట్టి గాదెపై ఒక పురుగు తిరుగుట చూచితిమన్న, కంటికి కానరాని పిల్లలు గింజలలో పెక్కులున్నవని గ్రహింపవలెను. వడ్లకు ఊక కవచమువంటిది. ఆ కవచము చెదరని గింజను ముక్కుపురుగు సులభముగా ముట్టజాలదు. అందుచేతనే బియ్యముకంటె వడ్లు ఎక్కువకాలము నిలుచును. నుసిపురుగు అట్లు కాదు. అది వడ్లనుకూడ తొలిచి పిండిచేయును. వడ్లచిలుక లోతునకు పోజాలక రాశి పైపొరనే పాడుచేయును.

ఒక చిన్న లెక్క చేయుడు. వేడియు తేమయు అనుకూలించినచో ముక్కుపురుగు నెలకు ఇరువది రెట్లు పెరుగుననుకొనుట అతిశయోక్తి కాదు. సంక్రాంతినాడు గాదెలో 10 పురుగులున్నవనుకొందము. ఒక నెలకు 200. రెండు నెలలకు 4,000. మూడు నెలలకు 80,000. మొదటి నెలలో చూచినవానికి ఒకదినపు ఎండతోను, ఒక జల్లెడతోను తీరు పని. మూడవ నెలలో చూచినవానికి మిగులునది నుసి. పురుగు తరమునకు ఒక నెల. అందుచేత మనము నెలకు రెండుసార్లు చూడవలెను. అమావాస్యయు పున్నమయు తిథులుగా మన యింట నుండనే యున్నవి. వేరు పంచాంగ మక్కరలేదు.

ఆ దినమున చేయవలసిన పని అరగంట మాత్రమే. మూత తీయగానే మొదట ముక్కుతో చూడుడు: ముక్కవాసనగాని పులిసిన వాసనగాని వచ్చుచున్నదా? పిదప చేతితో చూడుడు: మోచేతివరకు లోనికి జొనిపినప్పుడు పైపొరకంటె లోన వెచ్చగా నున్నదా? తరువాత ఒక ఇనుపచువ్వను నడుమకు దించి, పావుగంట యుంచి, తీసి పట్టి చూడుడు. చువ్వకు ఉష్ణమాపకమును కట్టి దించి అంకెను వ్రాసికొనుట ఇంకను మేలు. బయటి వాతావరణముతో నిమిత్తము లేక గింజవేడి రెండు మూడు డిగ్రీలు పెరిగినచో, ఆ చోట ఏదియో బ్రతుకుచున్నదని అర్థము. బోలు చువ్వతో నాలుగు మూలలనుండియు నడుమనుండియు, పైనుండియు అడుగునుండియు గింజలు తీసి జల్లించుడు. జల్లెడ క్రింద పిండి రాలినదా? పిడికెడు గింజలు నీట వేయుడు, డొల్లలు తేలును. చివరకు గాదె చుట్టును తిరిగి, పెంటికలు, కన్నములు, కప్పున తడిమరకలు ఉన్నవేమో చూడుడు. చూచినది చూచినట్లు తేదీవేసి ఒక చిన్నపుస్తకమున వ్రాయుడు. జ్ఞాపకము మోసపుచ్చును, అంకె మోసపుచ్చదు. ముసురుపట్టిన దినమున మాత్రము గాదెను చాలసేపు తెరచియుంచరాదు. గింజ గాలిలోని తేమను పీల్చుకొనును. పాతర విషయమున ఇంకొక హెచ్చరిక. మూసియున్న పాతరలో బొగ్గుపులుసు వాయువు నిండియుండును. తెరచిన తోడనే అందు దిగుట ప్రాణాపాయము. గాలి బాగుగా ఆడిన పిమ్మట, పైన తోడుమనుష్యులుండగానే దిగవలెను.

ఈ పని గాదెకే కాదు, మీ యింటి డబ్బాకును చెల్లును. మన యిండ్లలో ఈ పరీక్షను నోరు మెదపక చేయుచు వచ్చినవారు స్త్రీలు. చేటలో పోసి చెరిగినప్పుడు వారి వ్రేళ్లకు తెలిసిన సంగతులు మనకు తెలియవు. కందులను పప్పుచేసి దాచుట వారి యుపాయమే. పుచ్చుపురుగు గుండుగింజలపై పెరిగినట్లు పప్పుపై పెరుగలేదు. పెసలకు, మినుములకు కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినచో పుచ్చుపురుగు గ్రుడ్లు నిలువవని నేటి శాస్త్రమును ఒప్పుకొన్నది.

పాడైన ధాన్యమును చూచి "కడిగి వండిన సరిపోవును" అనువారున్నారు. వారికి రెండు సంగతులు చెప్పవలెను. 1960లో ఇంగ్లండునందు లక్షకు దగ్గరగా టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినవి. వెదుకగా వాని మేతలోని వేరుసెనగపిండిని పట్టిన బూజు విషమని తేలెను. ఆ విషమునకే తరువాత అఫ్లాటాక్సిను అని పేరు పెట్టిరి. 1974లో గుజరాతునందలి పంచమహాలులోను, రాజస్థానమునందలి బాంస్వాడాలోను అకాలవర్షములకు తడిసి, సరిగా ఆరక నిలువయైన మొక్కజొన్నను తిన్న పల్లెవాసులు కామెర్ల పాలైరి. నూరుమందికి పైగా మరణించిరి. అందు పెక్కురు వేరు ధాన్యమును కొనలేని గిరిజనులు. ఆ మరణములకు బూజువిషమే కారణమని చూపిన శాస్త్రజ్ఞులు మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు. ఆ విషము మామూలు వంటవేడికి పోదు. బూజుగింజను పశువునకు పెట్టినచో దాని యంశము పాలలోనికిని వచ్చును. కాబట్టి గాదెను చూడకుండుట సొమ్ము నష్టము మాత్రమే కాదు. తినువాని ప్రాణముతో ఆట.

దోషము కనబడినచో ఏమి చేయవలెను? వెచ్చబడిన ధాన్యమును వెలికి తీసి, ఎండబెట్టి, జల్లించి, చల్లారిన పిమ్మట మరల పోయవలెను. పాతధాన్యముపై కొత్తధాన్యము పోయరాదు. పాత పురుగునకు కొత్త విందు చేసినట్లగును. గోనెసంచులను ఉడుకునీట ముంచి ఎండబెట్టవలెను. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. గాదె అడుగు నేలనుండి మూడడుగుల ఎత్తున నుండి, కాళ్లకు బోర్లించిన గరాటువంటి రేకులున్నచో ఎలుక ఎక్కజాలదు. వేపాకు, వావిలాకు పురుగును కొంతవరకు దూరముంచును గాని, తడిగింజను కాపాడవు. గాలి చొరని మూడుపొరల సంచులు నేడు లభించుచున్నవి. బాగుగా ఆరిన గింజను అందు పోసి బిగించినచో, లోని పురుగు తన శ్వాసకు ప్రాణవాయువు చాలక తానే నశించును. మన పాతర చేసిన పనియు ఇదియే. విషపు బిళ్లలను మాత్రము నివాసగృహమున ఎన్నడును వాడరాదు. వాని ఆవిరి పురుగును మనిషిని వేరుపరుపదు. ఆ పని శిక్షణపొందినవారిదే.

ఇంతవరకు గింజను గూర్చి చెప్పితిని. ఇక రైతును గూర్చి. కోతల వేళ ధాన్యమంతయు ఒక్కసారి అంగడి కెక్కును, వెల పడును. వేచియుండగల వానిదే బేరము. వేచియుండుటకు రెండు కావలెను: చెడని ధాన్యము, తొందరపెట్టని అప్పు. గాదె బాగున్నంత మాత్రమున అప్పులవాడు వేచియుండ గలడని నేననను. కౌలు చెల్లింపవలసిన కౌలుదారునకు ఆ నెలలోనే డబ్బు కావలెను. అది నిజము. కాని ధాన్యమును గిడ్డంగిలో నుంచి, రసీదు కుదువబెట్టి అప్పుపొందు మార్గము కలదు. 2007 నాటి గిడ్డంగుల చట్టము ఆ రసీదునకు చేతులు మారదగిన పత్రపు గౌరవ మొసగినది. అయినను తడిసిన ధాన్యమునకు ఏ గిడ్డంగి తలుపు తెరచును? రసీదునకైనను ఆధారము గింజ గుణమే.

ఇందొక అన్యాయమును కూడ చెప్పక తప్పదు. ప్రభుత్వపు కొనుగోలున వడ్లకు 17 శాతము వరకు తేమ అంగీకృతము. అంతకంటె ఆరిన వడ్లకు హెచ్చు వెల లేదు. 17 శాతము తేమగల 100 కిలోల వడ్లను 13 శాతమునకు ఆరబెట్టినచో తూకము 95 కిలోల 400 గ్రాములగును. పోయినది నీరే, కాని ఆ నీటికిని వెల దొరకుచున్నది, ఆరబెట్టిన శ్రమకు దొరకుట లేదు. అనగా శ్రద్ధ వహించిన రైతు నాలుగున్నర కిలోలకు పైగా తూకము కోల్పోవును, వహింపనివాడు కోల్పోడు. ఇట్టి యేర్పాటు రైతును అశ్రద్ధకు అలవాటు చేయును. పొడిగింజకు దాని పొడిదనమునకు తగిన వెల కట్టవలెనని మనము గట్టిగా అడుగవలెను.

అడుగుటయే గాక, చేయవలసినదియు మనకు కలదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున కోష్ఠాగారాధ్యక్షుని ధర్మములను చెప్పుచు, నిలువలో సగమును జనపదమునకు ఆపద వచ్చినప్పటికై కాపాడవలెననియు, పాతదానిని కొత్తదానితో మార్చుచుండవలెననియు నియమించెను. ధాన్యమును చూచుట కొక యధికారి యుండవలెనని ఆనాడే తలచిరి. నేటి పల్లెకు ఆ యధికారి ఎవరు? నా దృష్టిలో గ్రామ పఠనమందిరమే. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టి కాలువ వెంబడి పల్లెలకు పంపిరి. జ్ఞానము తనంతట రాదు, మనమే చేర్చవలెనని ఆ పడవ చాటినది. అట్లే ప్రతి గ్రామ పఠనమందిరమున పత్రికల ప్రక్క ఒక తేమమాపకము, ఒక ఉష్ణమాపకము, ఒక జల్లెడ, ఒక బోలు చువ్వ, ఒక వ్రాతపుస్తకము ఉంచుదము. పక్షమునకు ఒకసారి చదువుకొన్న బాలుడొకడు ఊరి గాదెలను చూచి అంకెలు వ్రాయుగాక. ఏ రైతైనను అంగడికి పోవుటకు ముందే తన ధాన్యపు తేమను తానే ఎరిగి పోవుగాక. ఆనాడు బేరము సమానుల నడుమ జరుగును.

సోదరులారా! స్వాతంత్ర్యమును గూర్చి ఈ మందిరమున ఎన్నియో మారులు విన్నారము. తన చెమటతో పండిన గింజ తన యింట చెడక నిలుచుట, దానిని తనకు తోచిన దినమున తాను అమ్ముట లేక తినుట, రైతు పాలిటి స్వాతంత్ర్యమునకు మొదటి మెట్టు. రాబోవు పున్నమనాడు మీలో ప్రతివారును మీ యింటి డబ్బామూతయైనను తీసి, చేయి లోనికి జొనిపి చూడుడు. ఆ మరుసటి ఆదివారము మీ పల్లెకు పోయి, మీ అన్నగారి గాదెమూత తీయుడు. నేను కోరునది ఇంతే.